రెట్రోపెరిటోనియం గడ్డలు: మూడవ పాఠం – సూది వేయకముందు

కిందటి పాఠంలో రెట్రోపెరిటోనియంలో, అంటే పొట్ట లోపలి పలచని పొర అయిన పెరిటోనియం వెనుక, కిడ్నీలు, అడ్రినల్ గ్రంథులు, అయోర్టా (ప్రధాన ధమని), ఐవీసీ (రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర), మూత్రనాళాలు, క్లోమం ఎక్కడెక్కడ ఉంటాయో నేర్చుకున్నాం. ఆ ప్రదేశంలో గడ్డ కనిపించినప్పుడు, బయాప్సీకి (పరీక్ష కోసం గడ్డ ముక్క తీయడానికి) చీటీ రాసే ముందు వైద్యుడి మనసులో ఏ క్రమంలో ఆలోచన సాగాలో ఈ పాఠంలో చూద్దాం. వరంగల్ ఎం.జి.ఎం.లో పనిచేసే హౌస్‌సర్జన్లు, పీజీలు, ములుగు, భూపాలపల్లి, జనగామ ఆసుపత్రుల్లో ఓపీ చూసే వైద్యులు ఈ గడ్డను అందరికంటే ముందు చూస్తారు. తర్వాత చేయగలిగిన చికిత్స ఎంతో, వాళ్ల మొదటి నిర్ణయం మీదే చాలావరకు ఆధారపడుతుంది.

ఒక రోగిని ఊహించుకుందాం. నర్సంపేట వైపు పల్లె నుంచి యాభై ఐదేళ్ల రైతు తన బిడ్డను వెంటబెట్టుకుని వచ్చాడు. "నాలుగు నెలల సంది కడుపు ఉబ్బుతున్నది సారూ, నొప్పయితే లేదు. ఊర్ల గ్యాసు గోలీలు ఇచ్చిండ్రు" అన్నాడు. పడుకోబెట్టి చూస్తే ఎడమ పక్క నుంచి బొడ్డు దాకా గట్టి గడ్డ చేతికి తగులుతుంది. ఊపిరితో పాటు అది దాదాపు కదలదు. పెరిటోనియం వెనుక స్థలం విశాలమైనది, ముందున్న పేగులు సులభంగా పక్కకు జరుగుతాయి కాబట్టి, అక్కడి సార్కోమా (కొవ్వు, కండరం వంటి కణజాలంలో పుట్టే క్యాన్సర్) చాలాసార్లు పది సెంటీమీటర్లు దాటాక గాని బయటపడదు. నొప్పి లేదన్న మాట విని నిశ్చింతగా ఉండకూడదు.

సి.టి. ఫిల్మ్ చేతికి రాగానే రిపోర్టు పక్కన పెట్టి, ముందు బొమ్మలు మీరే చూడండి. కిడ్నీ, క్లోమం, కిందికి దిగే పెద్దపేగు ముందుకు నెట్టబడి ఉంటే గడ్డ వెనుక నుంచి వచ్చిందని అర్థం. ఆ తర్వాత అది ఏదైనా అవయవంలోనే పుట్టిందా, బయట నుంచి ఆ అవయవాన్ని నొక్కుతున్నదా అని తేల్చుకోవాలి. గడ్డ ఆనిన చోట కిడ్నీ అంచు పక్షి ముక్కులా సాగి గడ్డను పట్టుకుని ఉంటే, గడ్డ కిడ్నీదే కావచ్చు. అంచు మొద్దుగా నొక్కుకుపోయి ఉంటే, బయటిదే కావచ్చు. గడ్డకు రక్తం తెచ్చే ధమని ఎక్కడి నుంచి బయలుదేరిందో వెతికితే ఈ అనుమానం ఇంకొంత తీరుతుంది.

ఇక కొవ్వు సంగతి. ఇక్కడే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. పెద్దవాళ్లలో రెట్రోపెరిటోనియల్ సార్కోమాలలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది లైపోసార్కోమా (కొవ్వు సార్కోమా), దాని తర్వాతది లియోమయోసార్కోమా (నునుపు కండరాల సార్కోమా). బాగా పరిణతి చెందిన లైపోసార్కోమా స్కాన్‌లో మామూలు కొవ్వులాగే నల్లగా కనిపిస్తుంది. మన రైతు స్కాన్‌లో కిడ్నీ పక్కన ఏడు సెంటీమీటర్ల గట్టి ముద్ద ఉందనీ, రిపోర్టు దాని గురించే రాసిందనీ అనుకుందాం. అదే ఫిల్మ్‌లో కుడి వైపు కొవ్వును, ఎడమ వైపు కొవ్వును పోల్చి చూడండి. ఎడమ వైపు కొవ్వు మూడింతలు ఉండి, పెద్దపేగును మధ్యగీత దాటించి నెట్టి, సన్నని గోడలతో అరలు అరలుగా కనిపిస్తే, ఆ కొవ్వు కూడా గడ్డే. గట్టి ముద్ద అందులో డీడిఫరెన్షియేట్ అయిన, అంటే కొవ్వు పోలికలు పోగొట్టుకున్న భాగం. ముద్దను మాత్రమే తీసి కొవ్వును వదిలేసిన ఆపరేషన్ సగం గడ్డను లోపలే ఉంచినట్టవుతుంది.

ఇప్పుడు సూది గురించి ఆలోచించాలి. రోగి యువకుడైతే ముందు వృషణాలను చేతితో పరీక్షించి, అవసరమైతే అల్ట్రాసౌండ్ చేయించి, ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ అనే రక్తపరీక్షలు చూడాలి. వృషణంలో పుట్టిన జెర్మ్ సెల్ ట్యూమర్ (బీజకణాల గడ్డ) అయోర్టా పక్క లింఫు గ్రంథులకు వ్యాపించి, అక్కడే మొదలైనట్టు కనిపించవచ్చు. దానికి ప్రధాన చికిత్స కీమోథెరపీ. అయోర్టా పక్కన రక్తనాళాలు నిండుగా ఉన్న గడ్డ అయితే, బీపీ మామూలుగా ఉన్నా సరే, ప్లాస్మాలో గాని 24 గంటల మూత్రంలో గాని మెటానెఫ్రిన్లు (అడ్రినలిన్ వంటి హార్మోన్ల నుంచి వచ్చే పదార్థాలు) చూడకుండా సూది వేయకూడదు. ఆ హార్మోన్లను విడుదల చేసే గడ్డ అయిన పారాగాంగ్లియోమాను తెలియక గుచ్చితే బీపీ ఒక్కసారిగా పెరిగి ప్రాణం మీదికి రావచ్చు.

లింఫు గ్రంథులు గుంపుగా అయోర్టాను చుట్టి, దాన్ని వెన్నుపూస నుంచి పైకి లేపితే లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) అనుమానించాలి. వెన్నుపూస దెబ్బతిని, వెన్ను పక్కనుండే సోయాస్ కండరంలో చీము కనిపిస్తే, మన ప్రాంతంలో క్షయను మరిచిపోకూడదు. ఆ చీమును సీబీనాట్ పరీక్షకు (క్షయ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) పంపాలి. అయోర్టా ముందు, పక్కల మందమైన పొర పేరుకుని, మూత్రనాళాలను మధ్యకు లాగి, క్రియాటినిన్ పెరుగుతుంటే రెట్రోపెరిటోనియల్ ఫైబ్రోసిస్ కావచ్చు. 1948లో ఆర్మండ్ వివరించిన ఈ జబ్బులో ముందు స్టెంట్‌తో గాని నెఫ్రోస్టమీతో (వీపు నుంచి కిడ్నీలోకి వేసే గొట్టం) గాని కిడ్నీలను కాపాడుకుని, ఆ తర్వాత స్టెరాయిడ్లతో చికిత్స మొదలుపెడతారు.

ఇవన్నీ దాటాక, సార్కోమా అనుమానం మిగిలితే, సి.టి. చూస్తూ వీపు వైపు నుంచో నడుము పక్క నుంచో, పెరిటోనియంను దాటకుండా, 14 లేదా 16 గేజ్ సూదితో, పైన మరో గొట్టం తొడిగి, గట్టి భాగం నుంచే అనేక ముక్కలు తీయాలి. సన్నని సూదితో తీసే ఎఫ్‌ఎన్‌ఏసీ దీనికి చాలదు. పొట్ట కోసి గాని, లాప్రోస్కోపీతో గాని ముక్క తీయడాన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. కణాలు పెరిటోనియంలోకి చిందితే తర్వాత సరిదిద్దే దారి దాదాపు ఉండదు. లైపోసార్కోమా అనుమానమైతే ఎండీఎం2 జన్యువు ప్రతులు పెరిగాయేమో చూసే ఫిష్ పరీక్ష అడగండి.

"సూది పొడిస్తే గడ్డ పాకుతదంటరు సారూ" అని రైతు బిడ్డ అడుగుతుంది. ఆ భయాన్ని కసరకూడదు. "సరైన దారిలో వేస్తే అట్లా పాకడం చాలా అరుదమ్మా, ఏ జబ్బో తెలియకుండా కోస్తేనే ఎక్కువ నష్టం" అని కూర్చోబెట్టి చెప్పాలి.

సార్కోమా అని తేలితే నయమయ్యే అవకాశం ఎక్కువగా మొదటి ఆపరేషన్‌లోనే ఉంటుంది. అంటుకున్న కిడ్నీని, పెద్దపేగు భాగాన్ని కూడా కలిపి ఒకే ముక్కగా తీయగల జట్టు కావాలి, ఊపిరితిత్తుల సి.టి. ముందే చేయించాలి. ఆపరేషన్‌కు ముందు 50.4 గ్రే రేడియేషన్ ఇచ్చి చూసిన స్ట్రాస్ అధ్యయనం 266 మంది రోగులతో జరిగి 2020లో వెలువడింది. మొత్తం మీద లాభం కనిపించలేదు కాబట్టి, అందరికీ రేడియేషన్ ఇవ్వడం ఇప్పుడు రివాజు కాదు. హైదరాబాదులో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి గాని నిమ్స్ ఆసుపత్రికి గాని పంపేటప్పుడు రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు, సి.టి. సీడీ, బయాప్సీ బ్లాకులు, స్లైడ్లు రోగి చేతికివ్వండి.

అభ్యాసం: హనుమకొండకు చెందిన ముప్ఫై నాలుగేళ్ల స్త్రీకి తరచూ తలనొప్పి, గుండెదడ, చెమటలు వస్తున్నాయి. బీపీ 180/110. అల్ట్రాసౌండ్‌లో అయోర్టా పక్కన, ఇన్ఫీరియర్ మెసెంటెరిక్ ధమని మొదలయ్యే చోట, అయిదు సెంటీమీటర్ల గడ్డ ఉంది. రేపటికి ఎఫ్‌ఎన్‌ఏసీ చీటీ రాసి ఉంది. ఆ చీటీ బదులు మీరు ఏ పరీక్ష రాస్తారు, ఫలితం వచ్చాక ఆల్ఫా బ్లాకర్, బీటా బ్లాకర్లలో దేన్ని ముందు మొదలుపెడతారు, ఎందుకు? జవాబు నోటు పుస్తకంలో రాసి ఉంచుకోండి. నాలుగవ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.