సెర్బియా సంస్థ హొరైజన్ యూరప్ నిధులకు దరఖాస్తు చేయాలంటే

సెర్బియాకు యూరోపియన్ యూనియన్ సభ్యత్వం లేదు. కానీ 2021 డిసెంబర్ ఒప్పందంతో యూనియన్ పరిశోధన నిధుల కార్యక్రమమైన హొరైజన్ యూరప్‌లో అనుబంధ దేశం కాబట్టి, అక్కడి ల్యాబ్ సభ్యదేశాల ల్యాబ్‌లతో సమానంగా నిధులు అడగవచ్చు.

ముందు యూనియన్ నిధుల పోర్టల్‌లో సంస్థను నమోదు చేసి 9 అంకెల పిక్ నంబర్ (సంస్థ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. విశ్వవిద్యాలయమైతే లింగ సమానత్వ ప్రణాళిక తప్పనిసరి. అది లేకుంటే గ్రాంటు సంతకం దగ్గర ఆగిపోతుంది.

మామూలు పరిశోధన ప్రాజెక్టుకు మూడు దేశాల నుంచి మూడు స్వతంత్ర సంస్థలు కావాలి. అసలు చిక్కు ఇక్కడే: బెల్‌గ్రేడ్ (సెర్బియా), టిబిలిసి (జార్జియా), కీవ్ (ఉక్రెయిన్) సంస్థలు కలిస్తే దేశాలు మూడే, కానీ దరఖాస్తు చెల్లదు. కనీసం ఒకటి సభ్యదేశానిది కావాలి. కొత్తవాళ్లు ట్విన్నింగ్ పిలుపుతో, అంటే పరిశోధనలో ముందున్న సంస్థలతో జతకట్టే ప్రాజెక్టుల దరఖాస్తు ప్రకటనతో, మొదలుపెట్టడం మేలు. అందులో సమన్వయకర్త సెర్బియా లాంటి, పరిశోధనలో వెనకబడినదిగా గుర్తించిన ‘వైడెనింగ్’ దేశం నుంచే ఉండాలి.

వాస్తవ ఖర్చుల పద్ధతిలో జీతాలు, ప్రయాణం, పరికరాలు కలిపి 2,00,000 యూరోలైతే, పరోక్ష ఖర్చులకు (కరెంటు, కార్యాలయ నిర్వహణ లాంటివి) 25 శాతం, అంటే 50,000 కలపండి. సబ్‌కాంట్రాక్టు మొత్తంపై మాత్రం ఈ 25 శాతం రాదు.

మూల్యాంకనంలో మూడు అంశాలకు ఐదేసి మార్కులు. సాధారణంగా ఒక్కోదాంట్లో 3, మొత్తం 10 రావాలి. గడువు బ్రస్సెల్స్ సమయం సాయంత్రం 5. ముందురోజే ఒక ప్రతి పంపేయండి, గడువులోపు మార్చుకోవచ్చు.