అరటి దవ్వను బాగు చేయడం ఎలా?

చెన్నైలో అరటి దవ్వకు కరువు లేదు. కోయంబేడు పెద్ద మార్కెట్టు దాకా వెళ్లక్కర్లేదు, వీధిలోకొచ్చే కూరగాయల బండి మీదా ఉంటుంది. ‘వాళైత్తండు’ అంటే చాలు, తీసిస్తారు. అయినా మనవాళ్లు చాలామంది పీచుకు భయపడి కొనరు. దవ్వ కూరలో పొయ్యి దగ్గర పని తక్కువ, కత్తిపీట దగ్గరే ఎక్కువ. అది తెలిస్తే భయం అక్కర్లేదు.

అరటిచెట్టుకు బోదెలా కనిపించేది నిజానికి ఒకదాన్నొకటి చుట్టుకున్న ఆకు మట్టలు. అసలు కాండం భూమిలో దుంపగా ఉంటుంది. గెల వేసే వేళకు ఆ దుంప నుంచి ఓ కాడ మట్టల నడుమగా పైకొచ్చి పువ్వేస్తుంది. ఆ కాడే దవ్వ. ఒకసారి గెల వేసిన చెట్టు మళ్లీ కాయదు కాబట్టి, గెల కోశాక దాన్ని నరికి దవ్వ తీస్తారు.

కొనేటప్పుడు తెల్లగా, చేతికి బరువుగా, కోసిన చోట తడిగా ఉన్నది చూసుకోండి. మరీ లావుపాటిది వద్దు, ముదిరి ఉంటుంది.

కోసేముందు చేతులకు నూనె రాసుకోండి. దీని కర బట్టకు అంటితే ఓ పట్టాన వదలదు. గోరు పెట్టి లాగితే పొర విడిగా ఊడొస్తున్నంతవరకూ అది మట్టే, తీసేయండి. ఇక ఊడక, నున్నగా, గట్టిగా తగిలినప్పుడు దవ్వ వచ్చినట్టు.

పక్కన ఓ గిన్నెలో పలచని మజ్జిగ పెట్టుకోండి. గాలి తగిలితే ముక్క నల్లబడుతుంది, మజ్జిగ పులుపు దాన్ని ఆపుతుంది. ఇప్పుడు దవ్వను పలచని చక్రాలుగా కోయండి. ఒక్కో చక్రాన్ని పక్కకు లాగుతుంటే సన్నని దారాలు సాగుతాయి. నీళ్లను పైకి మోసే నాళాల గోడల్లో ఇవి స్ప్రింగులా చుట్టుకుని ఉంటాయి, అందుకే టక్కున తెగవు. వాటిని చూపుడువేలికి చుట్టుకుంటూ పోండి. తర్వాత చక్రాలను సన్నగా తరిగి మజ్జిగలో వేయండి.

అప్పటికీ కొంత పీచు మిగులుతుంది. మజ్జిగలో కవ్వం పెట్టి ఒకే వైపు తిప్పండి, మిగిలిన పీచు దానికి చుట్టుకుంటుంది. తీసేసి మళ్లీ తిప్పండి. కవ్వానికి ఏమీ అంటనప్పుడు ఆపొచ్చు.

ఆవ పెట్టిన కూరకు ముక్కల్ని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, పోపులో వేసి కాస్త చింతపండు పులుసు పోయండి. ఆవాలు, ఎండుమిర్చి నీళ్లతో నూరిన ముద్దను మాత్రం దించి, వేడి తగ్గాకే కలపాలి. పొయ్యి మీదుండగా వేస్తే ఘాటంతా పోతుంది. కలిపాక ఓ గంట ఊరనివ్వండి.

కిడ్నీలో రాళ్లు కరుగుతాయని రోజూ దవ్వ రసం తాగేవాళ్లు ఇక్కడ చాలామందే. నా మాటగా అయితే, రాళ్లకు డాక్టరు, కూరకు దవ్వ.

లేత దవ్వ దొరికిన రోజు ఉడకబెట్టే పని కూడా లేదు. తరిగిన పచ్చిముక్కల్ని పెరుగులో కలిపి, ఇంగువ పోపు పెడితే పెరుగు పచ్చడి సిద్ధం.