ర్యామ్ కొనే ముందు వాట్లు చూడండి: పెద్ద ల్యాప్‌టాప్‌లో ఏది పెంచొచ్చు, ఏది పెంచలేం

గేమింగ్ కోసమో వీడియో ఎడిటింగ్ కోసమో కొన్న ల్యాప్‌టాప్ కాస్త నెమ్మదించగానే చాలామందికి ముందు తట్టేది ర్యామ్ పెంచేద్దాం అని. నిజంగా ర్యామే తక్కువైతే అది సరైన పనే. కానీ అడ్డుపడుతున్నది పవర్ లిమిట్ అయితే, అంటే ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ చిప్‌కీ ఇన్ని వాట్లే ఇవ్వాలని తయారీదారు బిగించిన హద్దు అయితే, 64 జీబీ పెట్టినా బూడిదలో పోసిన పన్నీరే. అందుకే స్క్రూడ్రైవర్ తీసే ముందు ఏది చాలట్లేదో తేల్చుకోండి. ఇక్కడ చెప్పేదంతా విండోస్ ల్యాప్‌టాప్‌ల గురించే. యాపిల్ ఎం సిరీస్ మ్యాక్‌బుక్‌లో మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీలోనే ఉంటుంది కాబట్టి కొన్నప్పుడు ఎంత తీసుకున్నారో చివరిదాకా అంతే.

మెమరీ నిజంగా చాలట్లేదా?

ఏ పని చేస్తుంటే ఇబ్బందిగా ఉందో ఆ పనే నడుపుతూ చూడాలి, ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్ మీద చూస్తే ఏమీ తెలియదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పర్ఫార్మెన్స్‌లోకి, అక్కణ్నుంచి మెమరీలోకి వెళ్లండి. 'ఇన్ యూజ్' మొత్తానికి దగ్గరగా వచ్చేసి, 'కమిటెడ్' పక్కన మొదటి అంకె మీ అసలు ర్యామ్‌ని దాటిపోయి, అదే సమయంలో డిస్క్ కూడా వంద శాతం కొట్టుకుంటుంటే ర్యామ్ చాలట్లేదన్నట్టే, విండోస్ మెమరీలో పట్టనిదాన్ని ఎస్ఎస్‌డీ మీదకి తోస్తోంది. 32 జీబీలో పని మధ్యలో కూడా 18 జీబీ మాత్రమే వాడుతుంటే ఇంకో 32 పెట్టినా తేడా ఏమీ కనపడదు. 'ఫ్రీ' దాదాపు సున్నా చూపిస్తోందని మాత్రం టెన్షన్ పడకండి, ఖాళీగా ఉన్న ర్యామ్‌ని విండోస్ క్యాష్‌గా వాడుకుంటుంది, కావాలన్నప్పుడు వదిలేస్తుంది.

అదే పేజీలో కింద 'స్లాట్స్ యూజ్డ్', 'ఫామ్ ఫ్యాక్టర్' అని రెండు లైన్లు ఉంటాయి. ఫామ్ ఫ్యాక్టర్ దగ్గర 'సోడిమ్' అని ఉంటే స్లాట్‌లో పెట్టిన ర్యామ్. 'రో ఆఫ్ చిప్స్' అని ఉంటే బోర్డుకి సోల్డర్ చేసేశారని అర్థం, ఇక మీ చేతుల్లో ఏమీ లేదు. సన్నటి మోడళ్లలో ఎక్కువగా ఉండే ఎల్‌పీడీడీఆర్5ఎక్స్ రకం మెమరీ ఇలాగే ఉంటుంది. ఇంటెల్ కోర్ అల్ట్రా 200వీ చిప్‌లలోనైతే మెమరీ ప్రాసెసర్ ప్యాకేజీ మీదే వస్తుంది, 16 లేదా 32 జీబీ, అంతకు మించి లేదు. ఎల్‌పీక్యామ్2 అని కొత్త రకం మాడ్యూల్ వచ్చింది, ఆ తరహా మెమరీనే స్క్రూలతో విప్పి మార్చుకునే వీలు దాంతో ఉంటుంది, కానీ అది ఉన్న ల్యాప్‌టాప్‌లు ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టేన్నే.

ర్యామ్ సరిపోతున్నా పెంచాల్సిన సందర్భం ఒకటుంది: రెండు స్లాట్లుండి ఒక్క స్టిక్కే పెట్టి అమ్మిన ల్యాప్‌టాప్. డీడీఆర్5-4800 స్టిక్ ఒక్కటే ఉంటే బ్యాండ్‌విడ్త్ సెకనుకి 38.4 జీబీ, రెండుంటే 76.8 జీబీ. ప్రాసెసర్‌లోని ఇంటిగ్రేటెడ్ గ్రాఫిక్స్ వాడేవాళ్లకి ఈ తేడా కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది, ఎందుకంటే దానికి సొంత మెమరీ లేదు, ఇదే వాడుకోవాలి. విడిగా గ్రాఫిక్స్ చిప్ ఉన్నవాళ్లకి కూడా, ముఖ్యంగా ప్రాసెసర్ మీద భారం పడే గేముల్లో, ఫ్రేమ్‌లు మధ్యమధ్యలో జారిపోవడం తగ్గుతుంది.

వీర్యామ్, అంటే గ్రాఫిక్స్ చిప్ సొంత మెమరీ, విషయం వేరు, దీన్ని మామూలు ర్యామ్‌తో కలిపేసి చాలామంది పప్పులో కాలేస్తారు. టాస్క్ మేనేజర్‌లోనే జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మీద నొక్కితే 'డెడికేటెడ్', 'షేర్డ్' అని రెండు మెమరీలు కనిపిస్తాయి. డెడికేటెడ్ నిండిపోయి షేర్డ్ పెరగడం మొదలైందంటే గేమ్ తడబడేది అందుకే. ఆర్‌టీఎక్స్ 4060, 4070 ల్యాప్‌టాప్ చిప్‌లు రెండింట్లోనూ ఉన్నది 8 జీబీయే, 4080లో 12, 4090లో 16. అదంతా సోల్డర్ చేసినదే, పెంచే దారి లేదు. టెక్స్చర్ సెట్టింగ్ ఒక మెట్టు దించడమొక్కటే మందు.

ఇక అసలు విషయం, వాట్లు

ల్యాప్‌టాప్ పెట్టె మీద చిప్ పేరు రాస్తారు గానీ ఆ చిప్‌కి ఎన్ని వాట్లు ఇస్తున్నారో పెద్ద అక్షరాల్లో రాయరు. స్పీడ్ ఎంతుంటుందో తేల్చేది చాలావరకు అదే. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కి ఎన్విడియా ఇచ్చిన పరిధి 35 నుంచి 115 వాట్లు, అంటే ఒకే పేరున్న రెండు ల్యాప్‌టాప్‌లలో ఒకటి ఇంకోదానికి మూడింతల కరెంటు తీసుకోవచ్చు. దీనిపైన డైనమిక్ బూస్ట్ అని ఒకటుంది, ప్రాసెసర్‌కి అవసరం లేనప్పుడు దాని వాటాలోంచి కొన్ని వాట్లు తీసి జీపీయూకి ఇస్తుంది. మీదానికి ఎంత ఇచ్చారో ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే 'మ్యాగ్జిమమ్ గ్రాఫిక్స్ పవర్' దగ్గర ఉంటుంది.

ప్రాసెసర్‌లో రెండు హద్దులుంటాయి. ఇంటెల్ వాటిని పీఎల్1, పీఎల్2 అంటుంది. పీఎల్2 అంటే కొద్దిసేపు పరుగు తీయడానికి ఇచ్చే ఎక్కువ పవర్, పీఎల్1 అంటే ఎంతసేపైనా నిలకడగా ఇవ్వగలిగేది. కోర్ ఐ9-14900హెచ్‌ఎక్స్‌కి ఇంటెల్ చెప్పే అంకెలు బేస్ 55 వాట్లు, గరిష్ఠ టర్బో 157 వాట్లు. తయారీదారు తన కూలింగ్‌ని బట్టి వీటిని అటూ ఇటూ జరుపుకుంటాడు. ఏఎండీలోనూ ఇదే వరస, పేర్లు మాత్రం వేరు.

ఇప్పుడు మీ మెషీన్‌లో ఏం జరుగుతోందో చూద్దాం. పవర్, ఉష్ణోగ్రతలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ వేసుకుని సెన్సర్ల విండో తెరిచి పెట్టండి, అందులో 'సీపీయూ ప్యాకేజ్ పవర్', ప్రాసెసర్ ఉష్ణోగ్రత, ఈ రెండు లైన్ల మీదే కన్నేసి ఉంచండి. పక్కన ప్రాసెసర్‌ని పూర్తిగా పనిలో పెట్టే సినీబెంచ్ అనే ప్రోగ్రామ్‌లో పది నిమిషాల టెస్ట్ నడపండి. మొదట పవర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, 120 అనుకోండి, ఫ్యాన్లు హోరెత్తుతాయి, కాసేపటికి అంకె జారుకుంటూ వచ్చి ఏ 70 దగ్గరో ఆగుతుంది. అలా జారడం జబ్బు కాదు, పీఎల్2 నుంచి పీఎల్1కి దిగిందంతే. చూడాల్సింది ఆగాక ఉష్ణోగ్రత ఎంతుందన్నది. పవర్ 70 దగ్గర గీత గీసినట్టు నిలిచి, వేడి 80 డిగ్రీల దగ్గరే ఉంటే అది బిగించిన లిమిట్, కూలింగ్‌కి ఇంకా ఓపిక ఉంది. అలా కాకుండా వేడి 97, 98, 100 దగ్గర అతుక్కుపోయి పవర్ మాత్రం 50కీ 65కీ మధ్య ఊగుతుంటే లిమిట్‌ది తప్పు కాదు, వేడి బయటికి పోవట్లేదు. మొదటిదానికి సెట్టింగులు మార్చాలి, రెండోదానికి దుమ్ము దులపాలి. ఈ రెండింటినీ తారుమారు చేసి, వేడెక్కి చస్తున్న మెషీన్‌కి పవర్ లిమిట్ పెంచేవాళ్లు బోలెడుమంది!

ఇదే తంతు గేమ్ నడుస్తున్నప్పుడు కూడా చూడండి, ఎందుకంటే హీట్‌పైపులు, అంటే వేడిని మోసుకెళ్లే గొట్టాలు, ప్రాసెసర్‌కీ జీపీయూకీ ఉమ్మడిగా ఉండే డిజైన్లే ఎక్కువ, విడివిడిగా బాగున్నవి కలిసి పనిచేసేటప్పుడు ఒకదాన్నొకటి ఉడికించుకుంటాయి.

ఛార్జర్‌ని కూడా అనుమానించండి. 230 లేదా 330 వాట్ల అడాప్టర్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌కి ప్రయాణంలో తేలిగ్గా ఉంటుందని 100 వాట్ల యూఎస్‌బీ-సీ ఛార్జర్ పెడితే మెషీన్ దాన్ని గుర్తుపట్టి తనంతట తానే పవర్ కోసేస్తుంది, పైగా బ్యాటరీ కూడా కరిగిపోతుంటుంది. బ్యాటరీ మీద ఆడితే ఇంకా అన్యాయం. విమాన ప్రయాణ నిబంధనల వల్ల పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీ కూడా 100 వాట్ అవర్లు దాటదు, 200 వాట్లు లాగితే లెక్క ప్రకారమే అరగంట, కాబట్టి ఫర్మ్‌వేర్ అంత లాగనివ్వదు.

పవర్ దగ్గర ఏం చేయొచ్చు

ముందు తయారీదారు ఇచ్చిన యాప్‌లోనే పర్ఫార్మెన్స్ మోడ్ పెట్టి మళ్లీ కొలవండి. విండోస్ పవర్ ప్లాన్ మార్చడం వేరు, ఇది వేరు, అసలు లిమిట్లు మారేది ఇక్కడే. ల్యాప్‌టాప్ వెనకవైపు కాస్త ఎత్తు పెట్టండి, ఫ్యాన్ల దుమ్ము తీయండి. ఏళ్లు గడిచిన మెషీన్ అయితే థర్మల్ పేస్ట్ మార్చండి. ల్యాప్‌టాప్ చిప్‌లకి మామూలు పేస్ట్ కొన్నాళ్లకి అంచులకి జారిపోతుంది, హనీవెల్ పీటీఎం7950 లాంటి ఫేజ్ చేంజ్ షీట్ అయితే ఎక్కువకాలం నిలుస్తుంది. లిక్విడ్ మెటల్ జోలికి వెళ్లొద్దనే నా మాట. అది కరెంటు పారనిచ్చే పదార్థం, ఒక్క చుక్క జారితే బోర్డు గోవిందా, అల్యూమినియం హీట్‌సింక్‌నైతే తినేస్తుంది.

ఆ తర్వాత, వినడానికి వింతగా ఉంటుంది గానీ, గేములకి మంచి ఉపాయం ప్రాసెసర్ పవర్ తగ్గించడం. త్రాటిల్‌స్టాప్ అనే ప్రోగ్రామ్‌లో గానీ తయారీదారు యాప్‌లో గానీ పీఎల్1ని 90 నుంచి 55కి దించితే చాలా గేముల్లో ప్రాసెసర్‌కి నష్టం పెద్దగా ఉండదు, ఆ మిగిలిన చల్లదనం జీపీయూకి దక్కుతుంది. జీపీయూకి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్‌లో వోల్టేజ్ కర్వ్ కాస్త కిందికి లాగితే అదే స్పీడ్ తక్కువ వాట్లకే వస్తుంది. కొంచెం కొంచెంగా దించుతూ ప్రతిసారీ గేమ్ ఆడి చూడాలి, క్రాష్ అయితే ఒక అడుగు వెనక్కి. ప్రాసెసర్ అండర్‌వోల్టింగ్ (ఇలా వోల్టేజ్ తగ్గించడం) మాత్రం అన్నిట్లో కుదరదు, 2019లో ప్లండర్‌వోల్ట్ అనే సెక్యూరిటీ లోపం బయటపడ్డాక చాలా బయోస్‌లలో (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే ముందు నడిచే మూల సాఫ్ట్‌వేర్) ఆ తలుపు మూసేశారు. ఇంకో మోడల్ బయోస్ తెచ్చి జీపీయూలో ఎక్కించి వాట్లు పెంచుకునేవాళ్లు కూడా ఉన్నారు. చేయకండి, అడాప్టర్, హీట్‌సింక్, బోర్డు మీది కరెంటు భాగాలు అన్నీ ఆ పాత లెక్కకే కట్టినవి.

ర్యామ్ కొనడం, పెట్టడం

డీడీఆర్4, డీడీఆర్5 ఒకదాని చోట ఇంకోటి పట్టవు, గాడి వేరేచోట ఉంటుంది, పిన్‌లు కూడా 260, 262. కొనేటప్పుడు ఒకే మోడల్ స్టిక్కులు రెండున్న కిట్ తీసుకోండి. వేరువేరు స్పీడ్‌లవి కలిపితే రెండూ నెమ్మదిదాని స్పీడ్‌కే నడుస్తాయి. బాగా ఎక్కువ స్పీడ్ రాసిన ఎక్స్ఎంపీ (ర్యామ్‌ని మామూలు కంటే ఎక్కువ స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) స్టిక్కులకి డబ్బు తగలేయకండి, చాలా ల్యాప్‌టాప్ బయోస్‌లలో ఎక్స్ఎంపీ సెట్టింగే ఉండదు. స్టిక్కర్ మీద '1ఆర్ఎక్స్16' అని ఉంటే, సాధారణంగా 8 జీబీ డీడీఆర్5 స్టిక్కులు అలా ఉంటాయి, అది '1ఆర్ఎక్స్8' కంటే కొంచెం నెమ్మది. 24, 48 జీబీ స్టిక్కులు కూడా దొరుకుతున్నాయి కాబట్టి రెండు స్లాట్లలో 96 దాకా వెళ్లొచ్చు, అయితే మీ మోడల్ బయోస్ ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోండి. నాలుగు స్లాట్ల మెషీన్లలో నాలుగూ నింపితే స్పీడ్ 4000కో 3600కో పడిపోవడం మామూలే. అందుకే అంత మెమరీ నిజంగా తినే పని లేకపోతే రెండే పెద్దవి పెట్టుకోవడం మేలు.

పెట్టేటప్పుడు ల్యాప్‌టాప్‌ని షట్‌డౌన్ చేయండి, షిఫ్ట్ నొక్కి పట్టుకుని చేస్తే పూర్తిగా ఆగుతుంది. అడాప్టర్ తీయండి, వెనక మూత విప్పగానే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయండి, ఆ తర్వాతే మిగతా దేన్నైనా ముట్టుకోండి. స్క్రూలు ఏది ఎక్కడిదో గుర్తుండేలా మూత ఆకారంలోనే పేర్చుకోండి, పొడుగువి పొట్టి చోట బిగిస్తే బోర్డుకి బొక్క పడుతుంది. పాత స్టిక్కు పక్కల ఉన్న రెండు క్లిప్పులని బయటికి నెడితే అది దానంతటదే ఏటవాలుగా లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలులో, గాడి కలిసేలా చూసి, బంగారు రంగు పిన్‌లు దాదాపు కనపడనంతవరకు లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కండి. రెండువైపులా క్లిప్పు టక్కుమనాలి. ఒకవైపే టక్కుమంటే సరిగ్గా కూర్చోలేదన్నమాట, తీసి మళ్లీ పెట్టండి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, డీడీఆర్5కి మెమరీ ట్రైనింగ్ అని ఒకటి జరుగుతుంది, కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారుపడి పవర్ బటన్ నొక్కేయకండి. విండోస్ వచ్చాక టాస్క్ మేనేజర్‌లో సైజు, స్పీడ్ చూసుకుని, రాత్రికి ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్కు వెనక్కి ఇచ్చేయడమే.

మిగతావి

ఎస్ఎస్‌డీ మార్చడం తేలిక, స్లాట్ పొడవు 2280నా, 2242నా, 2230నా చూసుకోండి, రెండువైపులా చిప్‌లున్నది కొన్నింట్లో ఇరుక్కుంటుంది. విండోస్ డ్రైవ్‌ని ముట్టుకునే ముందు, బయోస్ అప్‌డేట్ చేసే ముందు కూడా, బిట్‌లాకర్ (డ్రైవ్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ వేరేచోట రాసి పెట్టుకోండి. వైఫై కార్డు మార్చాలంటే ఇంటెల్ ఏఎక్స్210 లాంటి మామూలు పీసీఐ రకం కొనండి, ఏఎక్స్211 ఏఎండీ ల్యాప్‌టాప్‌లో పనిచేయదు.

జీపీయూ, ప్రాసెసర్ దాదాపు అన్నిట్లో సోల్డర్ చేసినవే. ఫ్రేమ్‌వర్క్ ల్యాప్‌టాప్ 16 లాంటి ఒకటీ అరా మోడళ్లలో మాత్రం జీపీయూని మాడ్యూల్‌గా ఊడదీసి మార్చుకోవచ్చు. మిగిలినవాళ్లకి ఉన్నది థండర్‌బోల్ట్ అనే వేగమైన పోర్టు ద్వారా బయట పెట్టుకునే డెస్క్‌టాప్ కార్డు. థండర్‌బోల్ట్ 4 దారి సెకనుకి 40 గిగాబిట్లు (గిగాబైట్లు కాదు), అందులోనూ గ్రాఫిక్స్ డేటాకి దక్కేది 32, కాబట్టి ఎంత పెద్ద కార్డు పెట్టినా కొంత స్పీడ్ దారిలోనే పోతుంది. బొమ్మని తిరిగి ల్యాప్‌టాప్ స్క్రీన్‌కే తెచ్చుకుంటే అదే దారిలో ఇంకాస్త పోతుంది, అందుకని మానిటర్‌ని నేరుగా ఆ కార్డుకే తగిలించండి.