పొద్దున్నే స్టార్ట్ చేయగానే ఫ్యాన్ బెల్ట్ కీచుమంటే

స్టార్ట్ కాగానే కీచుమని అరిచి, నిమిషం రెండు నిమిషాల్లో దానంతటదే ఆగిపోతే, బెల్ట్ తాను తిరిగే చక్రం (పుల్లీ) మీద జారుతోందనే ముందుగా అనుమానించాలి. మధ్యాహ్నం షెడ్డుకు తీసుకెళ్తే ఇంజిన్ వేడి మీద ఉంటుంది, చప్పుడు రాదు. ఎందుకైనా మంచిదని కొత్త బెల్ట్ వేసి పంపేస్తారు. అసలు కారణం అలాగే ఉంటే కొత్త బెల్టూ కొన్నాళ్లకు అరుస్తుంది. కాబట్టి బండిని రాత్రంతా కదపకుండా ఉంచి, పొద్దున్నే పరీక్షించాలి.

చల్లని ఇంజిన్‌తోనే ఎందుకొస్తుందంటే, సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీలో ఖర్చయిన కరెంటును, ఇంజిన్ తిప్పితే కరెంటు తయారుచేసే ఆల్టర్నేటర్ వెంటనే భర్తీ చేయడం మొదలుపెడుతుంది. ఆ లోడుకు దాని పుల్లీ తిప్పడం బరువవుతుంది. అదే సమయంలో చలికి రబ్బరు గట్టిపడి పట్టు తగ్గి ఉంటుంది. లంబసింగి చలికాలంలోనో, ముసురు పట్టినప్పుడో తడి కూడా తోడవుతుంది.

ముందు ఇంజిన్ ఆపి తాళంచెవి తీసేసి, టార్చి వేసి బెల్ట్ లోపలి వైపు చూడండి. అద్దంలా మెరుస్తున్నా, అంచుల్లో పీచులు లేచినా మార్చాల్సిందే. పగుళ్లు లేవు కదా అని ధీమా పడొద్దు. ఇప్పటి ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు అంత తేలిగ్గా పగలవు, గాళ్లు అరిగి లోతవుతాయి. ఆయిల్, కూలెంట్ మరకలుంటే ముందు లీకు ఆపి, పుల్లీ గాళ్లు శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే కొత్త బెల్ట్ వేయాలి.

ఇప్పుడు స్టార్ట్ చేసి హెడ్‌లైట్లు, బ్లోయర్ వేయండి. అరుపు పెరిగితే ఆల్టర్నేటర్ లోడుకు బెల్ట్ జారుతున్నట్టే. చప్పుడు వస్తుండగానే స్ప్రే బాటిల్‌తో బెల్ట్ గాళ్ల వైపు కాసిన్ని నీళ్లు కొట్టండి. చున్నీ, వదులు చేతులు, వేళ్లు దగ్గరికి పోనివ్వకండి. తడికి చప్పుడు పెరిగితే బెల్ట్ బిగువు (టెన్షన్) తక్కువ. చప్పుడు కాసేపు ఆగి మళ్లీ కిచ్ కిచ్‌మని లయగా వస్తే పుల్లీలు ఒకే వరసలో లేవు. ఏ మార్పూ లేకపోతే బేరింగ్ మీద అనుమానం పెట్టుకోవాలి. ఇంజిన్ ఆపి, బెల్ట్ వెళ్లే దారి ఫోటో తీసుకుని, బెల్ట్ విప్పి ఒక్కో పుల్లీని చేత్తో తిప్పండి. గరగరలాడేది, అటూఇటూ ఊగేది దొరికిపోతుంది.

టెన్షన్ చేత్తో సర్దుకునే బెల్టయితే, రెండు పుల్లీల మధ్య పొడవాటి భాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మి.మీ. దిగాలి. కచ్చితమైన కొలత బండి మాన్యువల్‌లో ఉంటుంది. అరుపు ఆగాలని మరీ బిగిస్తే ఆల్టర్నేటర్, వాటర్ పంపు బేరింగులు పోతాయి. బెల్ట్ ఖర్చు కంటే అది చాలా ఎక్కువ. స్ప్రింగుతో బెల్ట్‌ను తానే బిగించి ఉంచే ఆటో టెన్షనర్ అయితే, బండి కదలకుండా ఇంజిన్ తిరుగుతున్నప్పుడు (ఐడిల్‌లో) దాని చేయి అదేపనిగా కొట్టుకుంటోందా చూడండి. అలా ఉంటే స్ప్రింగ్ పట్టు పోయినట్టు, టెన్షనర్ మార్చాలి.

బ్యాటరీని మర్చిపోకండి. రాత్రంతా ఆగిన బండిలో మల్టీమీటర్ 12.6 వోల్టుల దగ్గర చూపాలి. 12.2కి దిగితే సగం ఖాళీ. అప్పుడు ఆల్టర్నేటర్ లోడు ఎక్కువసేపు ఉండి అరుపూ సాగుతుంది.

సబ్బు రుద్దడం, చప్పుడు ఆపే స్ప్రేలు కొట్టడం వద్దు. చప్పుడు ఆగినా జారడం ఆగదు. అరుపుతో పాటు రబ్బరు కాలిన వాసన వచ్చినా, బ్యాటరీ లైటు వెలిగినా బండి ఆపేయండి. చాలా ఇంజిన్లలో వాటర్ పంపు కూడా ఇదే బెల్ట్ మీద తిరుగుతుంది. అది తెగితే ఇంజిన్ వేడెక్కడానికి ఎంతోసేపు పట్టదు.