అమెరికన్ కామెడీ ఎక్కాలంటే హీరోను వదిలి ఎదుటి మనిషిని చూడండి

అమెరికన్ కామెడీ పెట్టుకుని అరగంటకే ఆపేసేవాళ్ళు మా అనంతపురంలో చాలామంది ఉన్నారు. యాక్షన్ సినిమా అయితే భాష రాకపోయినా బండి నడుస్తుంది, దెయ్యాల సినిమా అయినా అంతే. కామెడీకి వచ్చేసరికి తెర మీద వాళ్ళు ఏం మాట్లాడుకుంటున్నారో సబ్‌టైటిల్ చదివేలోపు జోకు దాటిపోతుంది, ఇంక 'మనకు బ్రహ్మానందమే కరెక్టప్పా' అని రిమోట్ పక్కన పడేస్తారు. దీనికి నాకు బాగా పనిచేసిన దారి ఒకటుంది. హీరో వేసే పంచ్‌లను కాసేపు మర్చిపోయి, ఆ సీన్లో హీరోకి ఎదురుగా నిలబడిన చిన్న ఆర్టిస్టును చూడండి. కౌంటర్ వెనక కూర్చున్న ఆమె, కోర్టులో సాక్షి, రోడ్డు మీద తగులుకునే ఇన్సూరెన్స్ ఏజెంటు, ఆఫీసులో ఓ మూల గొణుక్కునే గుమాస్తా. మనం క్యారెక్టర్ ఆర్టిస్టులు అంటామే, వాళ్ళే. వాళ్ళలో ఒక మొహాన్ని పట్టుకుని సినిమా నుంచి సినిమాకి ఎలా వెళ్ళాలో చెప్తాను.

మొదట గ్రౌండ్‌హాగ్ డే (1993) పెట్టండి. బిల్ మర్రే టీవీలో వాతావరణం చెప్పే మనిషి, ఒక చిన్న ఊరికి రిపోర్టింగ్ కోసం వెళ్తాడు, అక్కడ అతనికి అదే రోజు మళ్ళీ మళ్ళీ తెల్లారుతూ ఉంటుంది. కథ ఇంతే, దీన్ని పట్టుకోవడానికి అమెరికా సంగతులేవీ తెలియక్కర్లేదు. పొద్దున్నే రోడ్డు మీదికి రాగానే నెడ్ రైయర్సన్ అనే పాత క్లాస్‌మేట్ ఎదురవుతాడు. స్కూల్లో తాను చేసిన చేష్టలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేస్తాడు, హీరో తప్పించుకుని నడుస్తుంటే పక్కనే నడుస్తాడు, మెల్లగా ఇన్సూరెన్స్ మాట తీస్తాడు, ఆ గొడవలో హీరో కాలు చల్లటి నీళ్ళ గుంటలో పడుతుంది. ఆ వేషం వేసింది స్టీఫెన్ టొబొలౌస్కీ.

ఒకసారి కథ కోసం మామూలుగా చూసేయండి. తర్వాత వెనక్కి తిప్పి ఆ రోడ్డు సీన్లు మాత్రమే, అదీ నెడ్‌ను మాత్రమే చూడండి. హీరోకి అది ఎన్నోసారో లెక్క లేదు, కానీ నెడ్‌కి ప్రతిసారీ మొదటిసారే. హీరో ఒకరోజు విసుక్కుంటాడు, ఒకరోజు మూతి మీద గుద్దుతాడు, అంటే బిల్ మర్రేకి ప్రతిసారీ కొత్తగా చేసే వీలుంది. టొబొలౌస్కీకి అది లేదు. ఆ ఆనందం, ఆ గొంతు, ఆ దగ్గరికి వచ్చే తీరు నిన్నటిలాగే మొదలవ్వాలి, అయినా పాతబడకూడదు. అది ఎంత కష్టమో పక్కన పెట్టుకుని చూస్తే ఆ సీను ఇంకోలా కనిపిస్తుంది. షూటింగ్ జరిగింది ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఉడ్‌స్టాక్‌లో, అక్కడ ఆ రోడ్డు మూలకు నెడ్ పేరుతో ఒక ఫలకం కూడా పెట్టారు. ఒక చిన్న వేషానికి అంత గౌరవం దక్కింది.

మా మేనమామ ఎల్‌ఐసీ ఏజెంటు, ఇంగ్లీషు సినిమాల జోలికే పోడు. సబ్‌టైటిల్స్ కూడా తీసేసి ఆ సీనొక్కటే చూపించాను. నవ్వలేదు, ముందుకు వంగి చూశాడు. 'వీడు జోకులెయ్యడం లేదురా అబ్బీ, వీనికి పాలసీ కావాల. తిడితే ఏమి, కొడితే ఏమి, మొహంలో నవ్వు పోనీయకూడదు. మా పనే చేస్తాండాడు' అన్నాడు. నేను ఇంతసేపు చెప్పిందంతా ఆ మాటలోనే ఉంది. కామెడీలో చిన్న ఆర్టిస్టు నవ్వించడానికి నిలబడడు. తన పని తాను సీరియస్‌గా చేసుకుంటాడు, నవ్వు మనకు వస్తుంది.

ఇక్కడి నుంచి ఆ మొహాన్ని వదలకండి. అదే టొబొలౌస్కీ మెమెంటో (2000)లో శామీ జాంకిస్‌గా వేశాడు. గజినీ చూసిన మనవాళ్ళకి ఆ సినిమా ఎక్కడో తగులుతుంది, మతిమరుపు హీరో కథకు మూలం అక్కడిదే. నెడ్‌ను చూసి నవ్విన రెండు రోజులకే శామీని చూడండి, కొత్త సంగతి దేన్నీ మనసులో నిలుపుకోలేని ఆ మనిషి కళ్ళు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఒకే ఆర్టిస్టును ఇలా కామెడీలో ఒకటి, కామెడీ కానిదాంట్లో ఒకటి జతగా చూడటం నేను అందరికీ గట్టిగా చెప్పే పద్ధతి. అతను దేన్ని మార్చాడో, దేన్ని అలాగే ఉంచాడో అప్పుడే తెలుస్తుంది.

చూసే ఏర్పాటు గురించి కొంచెం. ఫోన్‌లో వద్దు, చిన్న ఆర్టిస్టులు ఫ్రేములో వెనకో పక్కనో ఉంటారు, ఫోన్ స్క్రీన్ మీద వాళ్ళ మొహం వేలిగోరంత కూడా ఉండదు. టీవీకి కలుపుకోండి. తెలుగు డబ్బింగ్ ఉన్నా ఒరిజినల్ ఆడియోనే పెట్టండి, ఎందుకంటే ఈ ఆర్టిస్టుల సగం పని గొంతులో ఉంటుంది, డబ్బింగ్‌లో అది మొత్తం పోతుంది. ఇంగ్లీషు బాగా వచ్చినా సబ్‌టైటిల్స్ ఉంచుకోండి. సినిమా అయిపోగానే ఓటీటీ వాడు చివరి పేర్లను చిన్న డబ్బాలోకి నొక్కేసి ఇంకో సినిమా మొదలుపెడతాడు, క్రెడిట్స్ చూడటానికి బటన్ ఉంటుంది, అది నొక్కండి. మరీ పాత హాలీవుడ్ సినిమాల్లో చిన్న వేషాలవాళ్ళ పేర్లు చాలావరకు వేసేవాళ్ళే కాదు, అలాంటప్పుడు ఐఎండీబీ అనే సినిమా వివరాల వెబ్‌సైట్‌లో వెతుక్కోవాలి. అక్కడ పైన కనిపించే నాలుగు పోస్టర్ల దగ్గర ఆగిపోకండి. కిందికి పోయి సంవత్సరాల వారీ జాబితా తెరిచి, పాత్ర పేరున్న చోట చూడండి. నర్సు, జడ్జి, పక్కింటావిడ, రెంటల్ ఏజెంట్, ఇట్లా పని పేరే పాత్ర పేరుగా ఉన్న లైన్లే మనకు కావలసినవి.

రెంటల్ ఏజెంట్ అంటే నాకు ఈడీ మెక్‌క్లర్గ్ తప్ప ఇంకెవరూ గుర్తుకురారు. ప్లేన్స్, ట్రైన్స్ అండ్ ఆటోమొబైల్స్ (1987)లో పండక్కి ఇంటికి చేరాలని తిప్పలు పడే స్టీవ్ మార్టిన్‌కి అద్దెకు తీసుకున్న కారు చోట కారే ఉండదు. అంత దూరం నడిచి, చెమటతో, మట్టితో కౌంటర్ దగ్గరికి వస్తాడు. ఆమె ఫోన్‌లో పండగ వంటల గురించి ఇంట్లోవాళ్ళతో మాట్లాడుతూ, చిన్నగా వేలు చూపించి ఆగమంటుంది. తర్వాత అతను నోటికొచ్చినట్టు తిడతాడు. ఆ తిట్లు కాదు, ఆ తిట్లు పడుతున్నంతసేపూ ఆమె మొహాన్ని చూడండి. నవ్వు పూర్తిగా పోదు, ట్రైనింగ్‌లో నేర్పిన నవ్వు అది, మెల్లగా గట్టిపడుతుంది. చివర్లో ఒక్క ప్రశ్న అడుగుతుంది, అగ్రిమెంట్ కాగితం ఉందా అని. లేదు. అంతే, అతను పెట్టిన కేకలన్నింటికీ ఆమె చిన్న జవాబు సరిపోతుంది. మన బస్టాండ్ ఎంక్వైరీ కౌంటర్ దగ్గర నిలబడినవాళ్ళెవరికైనా ఆ సీను విడమర్చి చెప్పక్కర్లేదు. తిట్ల వల్ల ఆ సినిమాకి అమెరికాలో ఆర్ రేటింగ్ ఇచ్చారు, పిల్లలు లేనప్పుడు చూడండి. ఆమెనే ఫెర్రిస్ బ్యూలర్స్ డే ఆఫ్ (1986)లో స్కూలు డీన్ గారి సెక్రటరీగా చూడొచ్చు, జుట్టులోంచి పెన్సిళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తీస్తుంది. ఆమె లాస్ ఏంజెలెస్‌లోని గ్రౌండ్‌లింగ్స్ అనే ఇంప్రొవైజేషన్ బృందం నుంచి వచ్చింది, అంటే రాసిచ్చిన మాటలు లేకుండా అప్పటికప్పుడు అల్లుకుని నటించేవాళ్ళు. చికాగోలో 1959లో మొదలైన సెకండ్ సిటీ కూడా అలాంటిదే. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, అమెరికన్ కామెడీలో మీకు నచ్చిన మొహం ఎక్కడిదని వెతికితే చాలాసార్లు వీటి దగ్గరే తేలుతుంది.

నవ్వించడానికి సీరియస్ మొహం ఎంత అవసరమో గట్టిగా చూడాలంటే ఎయిర్‌ప్లేన్! (1980) ఉంది. దీని వెనక సంగతి నాకు చాలా ఇష్టం. దర్శకులు ముగ్గురూ జీరో అవర్! అనే 1957 నాటి సీరియస్ విమానం సినిమా హక్కులు కొనుక్కుని, దాని కథను, కొన్ని డైలాగులను ఉన్నవి ఉన్నట్టే వాడుకున్నారు. పైగా కమెడియన్లను కాకుండా అప్పటిదాకా గంభీరమైన వేషాలు వేసిన లెస్లీ నీల్సన్, రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, పీటర్ గ్రేవ్స్‌లను పెట్టుకున్నారు. వాళ్ళు ఒక్కసారి కూడా 'ఇది కామెడీ' అన్నట్టు మొహం పెట్టరు. నీల్సన్ జీవితమే ఆ సినిమాతో తిరిగిపోయింది, ఆ తర్వాత కామెడీకే పేరు పడ్డాడు. మనకు ఇది కొత్త కాదు. సిరివెళ్ళలో పుట్టిన మన జయప్రకాశ్ రెడ్డి ప్రేమించుకుందాం రా (1997), సమరసింహారెడ్డి (1999)లో భయపెట్టి, ఎవడి గోల వాడిది (2005)లో అదే గొంతుతో, అదే సీమ యాసతో నవ్వించాడు. నవ్వించడం కోసం గొంతు మార్చుకోలేదు. ఎయిర్‌ప్లేన్! చూసేటప్పుడు ఆయన్ను మనసులో పెట్టుకోండి, సగం జోకులు అర్థం కాకపోయినా సినిమా పట్టుబడుతుంది.

తర్వాతి మొహం స్టీఫెన్ రూట్. ఆఫీస్ స్పేస్ (1999)లో మిల్టన్ అనే గుమాస్తా, టేబుల్ అక్కడినుంచి ఇక్కడికి, ఇక్కడినుంచి ఇంకో చోటికి మార్చేస్తుంటారు, అతని ఎర్ర స్టాప్లర్ లాక్కుంటారు, గొణగడం తప్ప ఏమీ చేయడు. కళ్ళజోడు అద్దాలు అంత దళసరివి కావడంతో వాటిలోంచి చూడటానికి రూట్ లోపల కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవాల్సి వచ్చింది. ఏదైనా అందుకోబోతే చెయ్యి ఎంత తడబడుతుందో గమనించండి. థియేటర్లలో పెద్దగా ఆడని ఆ సినిమా తర్వాత టీవీలో, డీవీడీల్లో జనానికి పట్టేసింది, ఎంతగా అంటే అసలు మార్కెట్లో లేని ఆ ఎర్ర స్టాప్లర్‌ను కంపెనీ తయారుచేసి అమ్మింది. రూట్‌ది జతగా చూడటానికి ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ? (2000), గెట్ ఔట్ (2017) తీసుకోండి. రెండింట్లోనూ చూపు లేని మనిషి వేషమే. మొదటిదాంట్లో పాట రికార్డు చేసుకుని డబ్బులిచ్చే రేడియో స్టేషన్ ఆయన, నవ్వొస్తుంది. రెండోదాంట్లో బొమ్మలు అమ్మే పెద్దమనిషి, ఎంత మర్యాదగా మాట్లాడితే ఒళ్ళు అంత జలదరిస్తుంది. ఫైండింగ్ నీమో (2003)లో బుడగల పిచ్చి ఉన్న పసుపు చేప గొంతు కూడా ఆయనదే, ఇంట్లో పిల్లలుంటే అక్కడినుంచే మొదలుపెట్టొచ్చు.

ఇలా జాబితాలు తెరిచి చూస్తుంటే ఒకే సంవత్సరంలో రెండు సినిమాలు, మూడు సీరియల్ ఎపిసోడ్లు, ఒక కార్టూన్ గొంతు కనిపిస్తాయి. అది ఆశ కాదు, బతుకు. రోజు లెక్కన పనిచేసే ఆర్టిస్టుకు ఆ రోజు డబ్బులు వస్తాయి, తర్వాత ఆ సినిమా టీవీలో మళ్ళీ వేసినప్పుడు వాళ్ళ భాషలో రెసిడ్యువల్స్ అనే వాటా వస్తుంది. సాగ్-ఆఫ్ట్రా అనే వాళ్ళ యూనియన్‌లో ఆరోగ్య బీమా రావాలంటే ఏడాదికి ఇంత సంపాదించాలని షరతు ఉంది, చాలామంది ఆ గీత దాటలేరు. ఓటీటీలు వచ్చాక ఆ వాటా బాగా తగ్గింది. 2023లో జులై 14 నుంచి నవంబర్ 9 దాకా 118 రోజులు సమ్మె చేసింది అందుకే, దానితోపాటు ఏఐతో తమ మొహాలు వాడేసుకుంటారన్న భయం కూడా ఉంది. పేపర్లో స్టార్ల ఫోటోలే వేశారు గానీ ఆ సమ్మె ఎక్కువ అవసరం మనం చూస్తున్న ఈ కౌంటర్ వెనక మనుషులకే. మీరు క్రెడిట్స్ ఆపి పేరు చదివితే వాళ్ళకు డబ్బులేమీ రావు, అయినా చదవండి.

క్రిస్టఫర్ గెస్ట్ అనే దర్శకుడి సినిమాలు మొదట్లో ముట్టుకోకండి. బెస్ట్ ఇన్ షో (2000) లాంటివి అద్భుతంగా ఉంటాయి, కథ గీత మాత్రమే రాసిచ్చి మాటలన్నీ ఆర్టిస్టులకే వదిలేస్తాడు, కుక్కల పోటీ కామెంటేటర్‌గా ఫ్రెడ్ విల్లార్డ్ మాట్లాడుతూనే ఉంటాడు. కానీ అది చెవితో పట్టుకోవాల్సిన కామెడీ, నాలుగైదు సినిమాలు చూసి చెవి అలవాటయ్యాక వేరే సంగతి.

దానికి మధ్యలో మెట్టు కావాలంటే మై కజిన్ విన్నీ (1992) చూడండి. మరిసా టోమీకి ఆస్కార్ తెచ్చిన సినిమా, ఆమెను ఎలాగూ చూస్తారు. నేను చెప్పేది బోనులో సాక్షుల గురించి. ఒకాయన కుర్రాళ్ళు షాపులోకి వెళ్ళడం చూసి టిఫిన్‌గా మొక్కజొన్న నూక వండటం మొదలుపెట్టానని, తినబోతుంటే తుపాకీ మోగిందని, మధ్యలో ఐదు నిమిషాలే గడిచాయని చెప్తాడు, అది ఉడకడానికి 20 నిమిషాలు పడుతుందని లాయరు వేషం వేసిన జో పెషీ మెల్లగా బయటికి లాగుతాడు. ఆ సాక్షి మౌరీ చేకిన్, తన మాట తనకే అడ్డం తిరుగుతోందని అతనికి ఏ క్షణంలో తెలిసిందో వెతకండి. అదే సినిమాలో షెరిఫ్, అంటే ఆ ఊరి పోలీసు పెద్ద, బ్రూస్ మెక్‌గిల్. ఆయన నచ్చితే 1978 నాటి యానిమల్ హౌస్‌లో మోటార్‌సైకిల్ కుర్రాడిగా వెతుక్కోండి, అదీ ఆర్ రేటింగే, ఇంట్లో పెద్దవాళ్ళు పడుకున్నాక పెట్టుకోండి.