పార్శిల్ చీటీ చదవడం – 3వ పాఠం: చివరి అంకె కాపలా

పార్శిల్ చీటీ మీది బార్‌కోడ్‌లో గీతలూ ఖాళీలూ కలిసి ఒక్కో అక్షరాన్ని ఎలా చెబుతాయో కిందటి పాఠంలో చూశాం. కోడ్ 128 అనే బార్‌కోడ్ రకంలో ఒక అక్షరానికి మూడు గీతలు, మూడు ఖాళీలు, మొత్తం 11 వంతుల వెడల్పు. ఇప్పుడు గీతలను పక్కన పెట్టి, వాటి కింద అచ్చయిన నంబరు దగ్గరికి వద్దాం. పెన్సిలూ కాగితమూ తీసుకోండి.

నర్సాపురంలో లేసు అల్లి ఊళ్లకు పంపేవారు, ఆత్రేయపురంలో పూతరేకులు పంపేవారు ఒక మాట అంటుంటారు: పార్శిల్ ఎక్కడుందో బార్‌కోడే చెబుతుందని. అది చెప్పదు. స్పీడ్ పోస్టు బార్‌కోడ్‌లో ఉండేది దాని కింద అచ్చయిన నంబరులోని 13 అక్షరాలే. దారిలో స్కాన్ చేసిన ప్రతిచోటా ఆ నంబరు పక్కన ఊరూ సమయమూ కంప్యూటర్‌లో చేరతాయి. మీ ఫోనులో కనబడేది ఆ పద్దు. అందుకే నంబరులో ఒక్క అంకె తప్పినా పద్దు దొరకదు, లేదా వేరొకరిది తెరుచుకుంటుంది.

ఈ నంబరు అమరిక, దేశాల తపాలా శాఖలను కలిపే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ పెట్టిన ఎస్10 ప్రమాణం. మొదట రెండు ఇంగ్లీషు అక్షరాలు, తరువాత ఎనిమిది అంకెల వరుస, తొమ్మిదో అంకె స్థానంలో తప్పును పట్టించే తనిఖీ అంకె, చివర దేశం గుర్తు. మనకు ఐఎన్. ప్రైవేటు కొరియర్ల లెక్కలు వేరు, వాటికి ఈ పాఠం పనికిరాదు.

ఒక కల్పిత నంబరు తీసుకుందాం: ఈఎన్ 12345678 5 ఐఎన్. ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించాలి. (చివర 7, 9 అని రాసేస్తారు, జాగ్రత్త. ముందు 9.)

8, 12, 12, 8, 15, 30, 63, 56. కూడితే 204. దాన్ని 11తో భాగిస్తే శేషం 6. 11లోంచి 6 తీసేస్తే 5. తొమ్మిదో స్థానంలో ఉన్నది 5, కాబట్టి సరిపోయింది. తీసివేతలో 10 వస్తే 0 అని, 11 వస్తే 5 అని రాసుకోవాలి.

ఇంత తిప్పలు ఎందుకు, ఊరికే కూడితే పోదా? పోదు. 78ని 87 అని రాసినా కూడిక మారదు. ఒక్కో స్థానానికి వేరే గుణకం ఉండబట్టే ఇక్కడ మొత్తం 206 అవుతుంది, శేషం 8, రావలసిన అంకె 3. రసీదు మీద 5 ఉంది. దొంగ దొరికాడు.

అయితే ఈ కాపలాలో ఒక కంత ఉంది. శేషం 6 అయినా 5 వస్తుంది, శేషం 0 అయినా 5 వస్తుంది. పై నంబరులో ఆరో అంకె 6ను 7గా రాసి చూడండి. మొత్తం 209, శేషం 0, తనిఖీ అంకె మళ్లీ 5. తప్పు నంబరు దర్జాగా దాటిపోయింది. తొమ్మిదో అంకె 5 ఉన్న నంబర్లను మాత్రం రసీదుతో అంకె అంకె సరిచూసుకోవాలని నా సలహా.

ఈ అంకె ముఖ్యంగా మన చేతికోసం. స్కానర్‌కు వేరే కాపలా ఉంది: కోడ్ 128 చివర, ఆగమనే గుర్తుకు ముందు, ఇలాంటి లెక్కనే 103తో భాగించి తీసిన శేషం గీతల రూపంలో దాగి ఉంటుంది. అది సరిపడకపోతే స్కానర్ కూత వేయదు, అంతే. అప్పుడు గుమస్తా నంబరు చేత్తో కొడతాడు, తప్పులు దొర్లేది అక్కడే. వానాకాలంలో చీటీ తడవకుండా టేపు వేస్తే ముడతలు లేకుండా వేయండి. గీతల బ్లాకుకు ఇటూ అటూ ఉండే తెల్లటి ఖాళీ మీద పెన్నుతో ఏమీ రాయకండి. ఆ ఖాళీని బట్టే బార్‌కోడ్ ఎక్కడ మొదలైందో యంత్రం పోల్చుకుంటుంది.

అభ్యాసం: పాలకొల్లు నుంచి ఒకావిడ వాట్సాప్‌లో 30517264 అని ఎనిమిది అంకెలే పంపారు, తొమ్మిదోది చిరిగిపోయిందట. అదెంతో కనుక్కోండి. తరువాత 17ను 71గా మార్చి మళ్లీ లెక్కించండి. జవాబులు నాలుగో పాఠంలో.