సిక్కోలు నుంచి జర్మనీకి: రెండు కంప్యూటర్లు, ఒకటే లినక్స్

జర్మనీ వచ్చే పిల్లలు సామాన్ల గురించి చాలా అడుగుతారు. కుక్కర్ తేవాలా, ఆవకాయ ఎన్ని కిలోలు తేవచ్చు, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని. ల్యాప్‌టాప్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. దిగిన మూడో వారంలో అది మొరాయించాక, రాత్రి పదకొండింటికి ఫోను చేస్తారు. అందుకే ఈసారి సెలవులకు శ్రీకాకుళం వచ్చినప్పుడే కూర్చుని ఇది రాస్తున్నాను. ఎదురుగా నాన్న కంప్యూటర్ ఉంది. దానికీ ఈ కథకీ సంబంధం ఉంది.

మీ చేతిలో ఉన్నది ఒక కంప్యూటర్ అనుకుంటారు గానీ, నిజానికి రెండు. ఒకటి మీ సంచిలో మీతో వస్తుంది. రెండోది ఇంట్లో అమ్మానాన్నల దగ్గర ఉండిపోతుంది, దాని బాధ్యత కూడా మీదే. అది ఆగిపోతే వాళ్లు మీకే ఫోను చేస్తారు. చలికాలంలో అక్కడికీ ఇక్కడికీ నాలుగున్నర గంటల తేడా, ఎండాకాలంలో మూడున్నర. మీరు క్లాసులో ఉండగా ఇక్కడ సాయంత్రం అవుతుంది. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్ (కంప్యూటర్‌ని నడిపించే మూల సాఫ్ట్‌వేర్; విండోస్ ఒకటి, ఉచితంగా దొరికే లినక్స్ ఇంకొకటి) ఎంచుకునేటప్పుడు ఏది గొప్పదని చూడకండి, దేన్ని ఫోనులో చెప్పి బాగుచేయించగలరో చూడండి. రెండింటిలోనూ ఒకటే వేయండి. "ఎడమపక్క కింద మూల నొక్కు నాన్నా" అన్నప్పుడు మీ తెర మీదా అదే మూల కనిపించాలి.

అసలు మార్చాలా

విండోస్ తీసి లినక్స్ వేయడం అందరికీ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ కొత్తది, లైసెన్సున్న విండోస్ దాంతోనే వచ్చింది, మీరు చదివేది మెకానికల్ అయితే దాన్ని అలాగే ఉంచుకోండి. సాలిడ్‌వర్క్స్, ఆటోక్యాడ్ లినక్స్ మీద నడవవు, ఫొటోషాప్ కూడా అంతే. మ్యాట్‌ల్యాబ్, పైథాన్, ఆర్ లాంటివాటికి ఇబ్బంది లేదు, కంప్యూటర్ సైన్సు వాళ్లకైతే లినక్సే హాయి.

పాత మెషీన్ల సంగతి వేరు. విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మామూలు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. మా నాన్నది 4వ తరం ఐ3. మన ఊళ్లలో ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి, పైగా వాటిలో చాలావాటికి ఉన్న విండోస్ కూడా షాపులో ఫార్మాట్ కొట్టించినప్పుడు లైసెన్సు లేకుండా ఎక్కించినదే. ఆ అలవాటు విమానం ఎక్కించకండి. క్రాక్ ఫైళ్లతో వచ్చే వైరస్ యూనివర్సిటీ నెట్‌వర్కులోకి దూరితే మీ ఖాతా ఆపేసి, సమాధానం మిమ్మల్నే అడుగుతారు.

ఏది వేయాలి

లినక్స్ చాలా పేర్లతో, చాలా రకాలుగా దొరుకుతుంది. నా మాట: లినక్స్ మింట్. కొంచెం మంచి మెషీన్‌కి సినమన్ రకం, 4 జీబీ ర్యామ్ ఉన్న ముసలి మెషీన్‌కి ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం. కింద పట్టీ, మూలన మెనూ, విండోస్ 7 వాడినవాళ్లకి చేయి దానంతటదే పోతుంది. 2024 జూలైలో వచ్చిన మింట్ 22కి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అంటే మీ మాస్టర్స్ అయిపోయి, ఉద్యోగం దొరికి, పెళ్లి మాటలు మొదలయ్యేదాకా ఇంటి కంప్యూటర్ జోలికి పోనక్కర్లేదు.

మింట్‌కి పునాది ఉబుంటు అనే మరో లినక్స్. సరి సంఖ్య సంవత్సరాల ఏప్రిల్‌లో వచ్చే ఉబుంటు ఎల్‌టీఎస్‌కి (ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్‌కి) కూడా అయిదేళ్ల మద్దతు ఉంటుంది. మీ ల్యాబుల్లో ఉబుంటు ఉంటే అదే వేసుకోండి, తప్పులేదు. డెబియన్ ఇంకా నిలకడైనది, 1993 నుంచి ఉంది, కాకపోతే మొదటిసారి వాడేవాళ్లకు చిన్నచిన్న పనులు సొంతంగా చేసుకోవాల్సి వస్తుంది. ఫెడోరా నాకు ఇష్టమే, ఇంటికి మాత్రం పనికిరాదు: ఒక్కో వెర్షన్‌కి సుమారు 13 నెలలే ఆయుష్షు, ఏటా ఎవరో ఒకరు కూర్చుని మార్చాలి. జర్మనీలో ఉంటున్నాం కదా అని న్యూరెంబర్గ్‌లో పుట్టిన సూసే వేస్తామంటారా, వేయండి, కానీ ఫోనులో సాయం చేసే తెలుగువాళ్లు తక్కువ దొరుకుతారు.

మొదటి సెమిస్టర్‌లో నేను ఇవేవీ వేయలేదు. రోజూ కొత్త మార్పులు వచ్చిపడే రకం ఒకటి వేసుకుని, పక్క గదివాళ్లకి చూపించి గొప్పలు పోయాను. ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చే ముందురోజు రాత్రి అప్‌డేట్ కొట్టాను. తెల్లారేసరికి నల్ల తెర. ఆ రిపోర్టు లైబ్రరీ కంప్యూటర్‌లో మళ్లీ టైపు చేశాను. గొప్పలకి వేసుకునేవాళ్లు వేసుకోవచ్చు, రెండో ల్యాప్‌టాప్ ఉంటే.

వేసే ముందు

8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి చాలు. మింట్ సైటు నుంచి ఐఎస్‌ఓ ఫైలు (మింట్ మొత్తం ఉండే ఒకే ఫైలు) దించుకుని, ఎచర్ లాంటి సాధనంతో పెన్‌డ్రైవ్ మీదకి ఎక్కించాలి. దించిన ఫైలు అసలుదో కాదో చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి సంఖ్య) పోల్చి చూడమని సైటులోనే చెబుతారు, అది చాదస్తం అనుకోకండి. 2016 ఫిబ్రవరిలో దొంగలు మింట్ సైటులోకే చొరబడి, దొడ్డిదారి ఉన్న ఐఎస్‌ఓకి జనాన్ని మళ్లించారు.

పెన్‌డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12 గానీ ఎఫ్2, ఎస్కేప్ గానీ నొక్కితే దేన్నుంచి మొదలవ్వాలో అడిగే బూట్ మెనూ వస్తుంది, కంపెనీని బట్టి మీట మారుతుంది. డిస్కు మీద ఏమీ రాయకుండా పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడుస్తుంది. ఇక్కడ తొందరపడకండి. ఒక పూట అలాగే వాడండి. వైఫై పట్టిందా, కెమెరా, మైకు పనిచేస్తున్నాయా, మూత మూసి తెరిస్తే మేల్కొంటోందా, ప్రింటర్ కనబడిందా. వైఫై పట్టకపోతే బెంగ పడకండి, ఫోనుని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే ఇంటర్నెట్ వస్తుంది, ఆ తర్వాత డ్రైవర్ మేనేజర్‌లో వెతకవచ్చు. ఇదంతా శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఉండగానే చేయండి. అక్కడికెళ్లాక మొదటి నెల అద్దె ఇల్లు, బ్యాంకు, ఊరి నమోదు ఆఫీసు వీటితోనే గడిచిపోతుంది.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డిస్కు మొత్తం చెరిపి వేయి" అని ఒకటి, "విండోస్ పక్కన వేయి" అని ఒకటి కనిపిస్తాయి. నేను మొదటిసారి నాన్న కంప్యూటర్‌లో చదవకుండానే మొదటిది నొక్కాను. అప్ప పెళ్లి ఫొటోలు పోయాయి. నాన్న తిట్టలేదు. రెండు రోజులు కంప్యూటర్ గదిలోకి రాలేదు, అంతే. కాబట్టి ముందు బయటి హార్డ్ డిస్కులోకి అన్నీ కాపీ చేసి, ఆ డిస్కు వైరు పీకేసి, అప్పుడు మొదలుపెట్టండి. కొత్త ల్యాప్‌టాప్‌లో డిస్కుకి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి, లేకపోతే తర్వాత విండోస్ తలుపు తీయదు.

రెండూ పక్కపక్కన ఉంచుకునేవాళ్లకి గడియారం చిక్కు ఒకటుంది. మదర్‌బోర్డు గడియారాన్ని లినక్స్ ప్రపంచ సమయంగా పెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన ఊళ్లో అయితే లినక్స్ వాడి విండోస్‌లోకి వెళ్లగానే అయిదున్నర గంటలు వెనక చూపిస్తుంది, వెంటనే పట్టేస్తాం. జర్మనీ చలికాలంలో తేడా ఒక్క గంటే. ఒక్క గంట ఎవరికీ అనుమానం రాదు. నాకు రాలేదు, ఆన్‌లైన్ ఇంటర్వ్యూకి గంట ఆలస్యంగా వెళ్లాను. లినక్స్‌కే స్థానిక సమయం వాడమని ఒకసారి చెప్పేస్తే ఆ గొడవ పోతుంది.

అక్కడికి వెళ్లాక

యూనివర్సిటీలో వైఫై పేరు ఎడ్యురోమ్. ఫోనులో సులువుగా కలుస్తుంది, లినక్స్‌లో చేత్తో నింపితే ఏదో ఒక గడి తప్పుతుంది. ఎడ్యురోమ్ క్యాట్ అనే సైటులో మీ యూనివర్సిటీ పేరు ఎంచుకుంటే లినక్స్‌కి తగిన చిన్న ఇన్‌స్టాలర్ ఇస్తుంది. ఫోను హాట్‌స్పాట్‌తో దాన్ని దించుకుని నడపండి, అయిపోతుంది. ఆన్‌లైన్ పరీక్షకి బ్రౌజర్‌ను బంధించే సాఫ్ట్‌వేర్ కావాలంటే మాత్రం ముందే అడగండి: వాటిలో కొన్ని లినక్స్‌ని ఒప్పుకోవు. అసైన్‌మెంట్లు లిబ్రెఆఫీస్‌లో (ఎంఎస్ ఆఫీస్ లాంటిదే, ఉచితం) రాసుకుని పీడీఎఫ్ చేసి పంపండి, వర్డ్ (.docx) ఫైలు పంపితే అవతలివాళ్ల తెర మీద పట్టికలు కదిలిపోవచ్చు. పన్ను రిటర్నులు వేసే ఎల్‌స్టర్ సైటు బ్రౌజర్‌లోనే నడుస్తుంది, దానికి విండోస్ అక్కర్లేదు.

ఇది కాస్త గట్టిగా చెబుతాను. మింట్‌తో పాటే ట్రాన్స్‌మిషన్ అనే టొరెంట్ సాధనం వస్తుంది. లినక్స్ ఐఎస్‌ఓలు దానితో దించుకోవడం పూర్తిగా చట్టబద్ధం. కొత్త సినిమా దించారో, ఇంటర్నెట్ కనెక్షన్ ఎవరి పేరున ఉంటే వాళ్ల చిరునామాకి లాయరు నోటీసు వస్తుంది, వందల యూరోలు కట్టమని. అద్దెకి గది ఇచ్చినవాళ్ల పేరున కనెక్షన్ ఉంటే మీ పరువు కూడా దాంతోపాటే పోతుంది.

అక్కడ కొన్న కీబోర్డులో జెడ్, వై తారుమారుగా ఉంటాయి. పాస్‌వర్డులో ఆ అక్షరాలుంటే తప్పని చెబుతుంది, మీరేమో మర్చిపోయామనుకుంటారు. తెలుగు టైపింగుకి కీబోర్డు సెట్టింగుల్లో తెలుగు లేఅవుట్ చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు మీటల అమరిక వస్తుంది. ఇంగ్లిషు అక్షరాలతో కొట్టేవాళ్లు ఐబస్‌కి (టైపింగు భాష మార్చే సాధనానికి) ఎం17ఎన్ చేర్చుకుంటే ఆర్‌టీఎస్, ఐట్రాన్స్ పద్ధతులు దొరుకుతాయి. ఫాంట్లలో మనవాళ్లు ఇద్దరున్నారు: పర్వతాలపేటలో పుట్టిన గిడుగు పేరున ఒకటి, విజయనగరం గురజాడ పేరున ఒకటి, రెండూ ఉచితమే. గురజాడ ఫాంటుతో రెజ్యూమె రాయలేం గానీ, పుట్టినరోజు శుభాకాంక్షలకి బాగుంటుంది. ఊళ్లో ప్రెస్సువాళ్లు పంపే అనూ ఫాంట్ల ఫైళ్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకీ అర్థమయ్యే అక్షర పద్ధతి) కావు, అవి తెరిస్తే పిచ్చిగీతలే. శుభలేఖని పీడీఎఫ్‌లో పంపమని అడగండి.

ఇంటి కంప్యూటర్

పాత మెషీన్‌కి ముందు ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు) వేయించండి. లినక్స్ వల్ల వచ్చే వేగం కంటే దానివల్ల వచ్చే వేగం ఎక్కువ, శ్రీకాకుళంలోనే దొరుకుతుంది, పాత హార్డ్ డిస్కు తీసి దీన్ని బిగిస్తారు. తర్వాత రెండు ఖాతాలు పెట్టండి. అడ్మిన్ ఖాతా మీది, మామూలు ఖాతా వాళ్లది. అప్‌డేట్లు దానంతటవే పడేలా పెట్టి, టైమ్‌షిఫ్ట్ ఆన్ చేయండి. అప్‌డేట్ ఏదైనా చెడగొడితే నిన్నటి స్థితికి వెనక్కి తెచ్చేస్తుంది. ఫొటోల్ని అది కాపాడదు, వాటికి బయటి డిస్కు వేరే ఉండాలి.

భాష తెలుగులో పెడితే వాళ్లు సంతోషిస్తారని నేనూ అనుకున్నాను. "దస్త్రం ఏటమ్మా, మా పోస్టాఫీసులో బీరువాలో పెట్టీవోళ్లం" అన్నారు నాన్న. ఫైలు అంటే ఆయనకి నలభై ఏళ్లుగా తెలుసు. మళ్లీ ఇంగ్లిషులోకి మార్చాను.

దూరం నుంచి మీరే తెర చూసి సరిచేయడానికి రస్ట్‌డెస్క్ గానీ ఎనీడెస్క్ గానీ పెట్టండి. మింట్ సినమన్ మామూలుగా ఎక్స్11 అనే పాత తెర వ్యవస్థ మీద నడుస్తుంది కాబట్టి ఇవి పేచీ లేకుండా పనిచేస్తాయి. కానీ ఒక్క మాట నాన్నకి కాగితం మీద రాసి అంటించాను: నా గొంతు వినకుండా అందులో కనిపించే నంబరు ఎవరికీ చెప్పొద్దని. మోసగాళ్లు ఎనీడెస్క్‌తో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే హెచ్చరించింది.

పింఛను జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర యంత్రాన్ని లినక్స్‌కి కలపాలని నేను ఒక పూట వృథా చేశాను. ఆండ్రాయిడ్ ఫోనులో ముఖం చూపిస్తే అయిపోతుంది. ట్యాలీ, డిజిటల్ సంతకం టోకెన్లు రోజూ వాడే ఇల్లయితే విండోస్ ఉంచేయండి, పెద్దవాళ్లని ఇబ్బంది పెట్టొద్దు.

కరెంటు సంగతి మనకి చెప్పక్కర్లేదు. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం వైపు రోజుల తరబడి చీకటే. చిన్న యూపీఎస్ ఒకటి కొని, అది బీప్‌మంటుంటే మెషీన్ ఎలా ఆపాలో అమ్మకి కూడా నేర్పండి, నాన్న ఇంట్లో లేనప్పుడే కరెంటు పోతుంది.

ఇన్‌స్టాల్ చేసిన పెన్‌డ్రైవ్ మీతో తీసుకుపోకండి. ఏదైనా జరిగితే, ఫోనులో మీరు చెబుతుంటే, వాళ్లు దానితోనే మెషీన్ లేపి ఫొటోలు బయటికి తీయగలరు. మా ఇంట్లో అది బీరువాలో పాసుపుస్తకాల పక్కనుంది. "కంప్యూటర్ లేవకపోతే, ఎఫ్12" అని నాన్న చేతిరాతతో చీటీ అంటించి ఉంది.